ఇరుకు మూతి కుండ

అనగనగా ఒక కోట ఊరు. ఎప్పటి మాటో అడక్కండి, మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది. ఆ కోటకు గోడలు మూడు, ద్వారాలు మూడు, ద్వారానికో కావలి. ఏనుగొచ్చినా ఆపుతారు, దండొచ్చినా ఆపుతారు. గత్తర వస్తే ఎవరాపుతారు? పొద్దున వాంతులూ విరేచనాలూ పట్టుకున్న మనిషి పొద్దుగూకేసరికి పోయేవాడు.

కుమ్మరిపేటలో ఈరవ్వ మొగుడు సిద్ధయ్య అలాగే పోయాడు. ముసలి అత్త, కూతురు, చంకలో కొడుకు మిగిలారు. ఏడవడానికి ఈరవ్వకు తీరికెక్కడిది? చావింట్లో పాత కుండలు పగలగొట్టి పారేయాలని ఆచారం. పారేశారు. ఊరంతా చావులే, కాబట్టి ఊరంతా పెంకులే. కొత్తవి చేసే మగవాళ్లు కొందరు పోయారు, కొందరు మంచం పట్టారు, మిగిలినవాళ్లు కోట దాటి పారిపోయారు. ఆఖరికి కుమ్మరింట్లోనే నీళ్లు పట్టుకోవడానికి కుండ లేదు.

ఈరవ్వ కొంగు బిగించి, మొగుడు కుండలు చేసిన సారె ముందు కూర్చుంది. అత్త గుండెలు బాదుకుంది.

"ఆడది సారె ముట్టొద్దే. కులం మునుగుతది."

"పిల్లలు పోయినంక కులాన్ని ఏం జేస్కుంటం అత్తా?"

ముసలామె చీర ఎగ్గట్టింది. "మరి మన్ను నేను తొక్కుత."

మొదటి కుండ కూలింది. రెండో కుండ చీలింది. మూడోది నిలబడింది గాని, ఇదీ ఎక్కడ కూలుతుందోనని ఈరవ్వ భయపడి మూతి గట్టిగా నొక్కేసింది. మూతి ఇరుకైపోయింది. చెయ్యి పట్టదు, ముంత పట్టదు. అలాగే ఎండబెట్టి కాల్చింది. తర్వాతవీ అలాగే వచ్చాయి. చెయ్యి ఒకసారి నేర్చిన వంకర వదలదు కదా.

ఇరుగుపొరుగు మూడిళ్లవాళ్లు తలా ఒకటి పట్టుకుపోయారు. "ఏందే ఈరవ్వా, ఇది కుండనా, పిట్టగూడా?" అని నవ్వుతూనే పట్టుకుపోయారు. వేరే కుండ ఎక్కడ దొరుకుతుంది మరి?

అంతలో కూతురికి గత్తర పట్టుకుంది. అత్త పిల్ల వాంతులు ఎత్తిపోసేది, గుడ్డలు మార్చేది. చంటివాడు దాహమని ఏడిస్తే ఆ చేత్తోనే కుండలో ముంత ముంచబోయేది. దూరితేనా? "పాడు కుండ" అని తిట్టుకుంటూ వంచి పోసేది. చంటివాడికి గత్తర అంటలేదు. అత్తకు అంటలేదు. ఈరవ్వకూ అంటలేదు.

ఈరవ్వ ఉప్పేసిన గంజి గుక్క గుక్కగా పోస్తూ కూతురి పక్క వదల్లేదు. "నిన్ను ఇయ్యనే బిడ్డా, ఎవ్వలకూ ఇయ్య" అంటూనే ఉంది. మూడో రోజు పిల్ల కళ్లు తెరిచి, "అమ్మా, ఆకలి" అంది. అప్పుడు ఏడ్చింది ఈరవ్వ, పోయిన మొగుడి కోసం. కరువుతీరా ఏడ్చింది.

ఆ మూడిళ్లలోనూ అంతే. పట్టినవాళ్లకు పట్టింది గాని పక్కవాళ్లకు పాకలేదు. ఎందుకో ఆనాడు ఎవరికి తెలుసు? చెయ్యి దూరలేదు, నీళ్లు చెడలేదు.

గత్తర సద్దుమణిగాక, పారిపోయిన కులపెద్దలు ముగ్గురు తిరిగొచ్చారు. ఆడది సారె ముట్టింది కాబట్టి ఈ ఇంటిని వెలి వేస్తామన్నారు. అత్త మనవడినీ మనవరాలినీ ముందు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎయ్యిండ్రి. గీ మూడిండ్లోళ్లను అడిగి మరీ ఎయ్యిండ్రి."

మూడిళ్లవాళ్లూ పిల్లాపాపలతో బయటికొచ్చి నిలబడ్డారు. పెద్దలు ఆ పిల్లల్ని చూశారు. వాళ్ల నోట వెలి మాట మళ్లీ రాలేదు. అందరిలోకి పెద్దాయన తలపాగా సర్దుకుని, "ఆ మూతి ఎట్ల తీసినవు బిడ్డా, మాకూ జూపియ్" అన్నాడు.

"చాతగాక అట్లొచ్చింది మామా" అంది ఈరవ్వ.

ఈరవ్వ పండు ముసలిదయ్యాకే పోయింది. ఆ పేటలో ఇప్పటికీ ఆడపిల్లలు సారె ముందు కూర్చుంటారు. మొదటి కుండ వంకరపోతే ఎవరూ నవ్వరు. "ఈరవ్వ చెయ్యి పడింది" అంటారు. దాన్ని కాల్చి, అందులో నీళ్లు పోసి, వంచుకుని ఇంటిల్లిపాదీ తాగాకే రెండో ముద్ద మన్ను సారె ఎక్కుతుంది.