తెల్లబండి తలుపు

గుంటూరు ఆటోనగర్ మొత్తమ్మీద, సొట్టని చేత్తో తడిమి, దాన్ని కొట్టిన తలుపు జాతకం చెప్పగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఈ సంగతి ఆటోనగర్‌కి ఇంకా తెలీదు. నేనే చెబుతున్నాను.

మా ఉస్తాద్‌కి తెలుసేమో గానీ ఒప్పుకోడు.

మా ఉస్తాద్ పేరు సుభానీ. టింకరింగ్ షెడ్డు ఆయనది. గుద్దుకున్న కార్లు మా దగ్గరికి ఏడుపు మొహాలతో వస్తాయి, సాపైన రేకులతో వెళ్తాయి. తొమ్మిదేళ్ళుగా నేను ఆయన శిష్యుణ్ణి. ఆయన నోట్లోంచి మాట రావడం కంటే తుప్పుపట్టిన బోల్టు ఊడిరావడం తేలిక.

షెడ్డులో ఒకటే కట్టుబాటు. సుత్తి ఎత్తేముందు అరచేతి కింద పల్చటి మల్లుగుడ్డ వేసుకుని, కళ్ళు మూసుకుని, రేకుని తడమాలి. కంటికి కనపడని ఎత్తుపల్లాలు గుడ్డ కింద చేతికి తెలుస్తాయి. దాన్ని మేము సొట్ట చదవడం అంటాం. చదవకుండా సుత్తి ఎత్తినవాణ్ణి ఉస్తాద్ తిట్టడు. సుత్తి తీసుకుని, "టీ తీసుకురాపో" అంటాడు. మొదటి ఏడాదంతా నేను నేర్చుకున్నది టీ తేవడమే.

ఒక సోమవారం పొద్దున్నే షెడ్డులోకి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, ఆయన ముందు నిలబడ్డాను.

"ఉస్తాద్, జన్మలో బాగుపడని సొట్ట ఎలా కొట్టాలి?"

ఆయన చేతిలో సుత్తి ఆగింది.

"ఎవరి బండికి?"

"కృపానందం బండికి."

కృపానందం గారంటే మా అపార్ట్‌మెంట్‌లో కింది వాటా ఆయన. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పార్కింగ్‌లో నా బండి పక్కనే ఆయన తెల్లబండి. ఆదివారం దాకా ఆయన నాకు 'గారు'. ఆదివారం పొద్దున 'గారు' ఊడిపోయింది.

నా బండి సంగతి కూడా చెప్పాలి. వరదలో మునిగిన బండిని తుక్కు కింద అమ్ముతుంటే తెచ్చుకున్నాను. ఎనిమిది నెలలు, పని అయ్యాక మిగిలిన గంటల్లో, ఒక్కో రేకూ నేనే సాపు చేశాను. రంగు నేనే వేశాను. నేరేడుపండు రంగు. ఎండలో నిలబెడితే కొరుక్కు తినాలనిపిస్తుంది. మా ఆవిడ, "నన్నెప్పుడైనా అలా చూశావా?" అని అడిగింది. అప్పుడు కూడా నేను బండి వైపే చూస్తున్నానట.

అలాంటి బండిని పార్కింగ్‌లో పెట్టి నిద్రపోవడం ఎలా? పక్కవాళ్ళు తలుపులు తీస్తారు. సంచులు ఆనిస్తారు. పిల్లులు ఎక్కుతాయి. అందుకని నేలమీద సున్నంతో గీత గీశాను. నా బండి చుట్టూ పాత టైర్లు పేర్చాను. స్తంభానికి స్పాంజి చుట్టాను. నా తలుపు అంచు చెదరకుండా రబ్బరు బీడింగు వేశాను. ఉత్త రబ్బరు నిలుస్తుందా? లోపల ఇనప పట్టీ పెట్టాను. అది నా సొంత తెలివి. ఆటోనగర్‌లో ఇంకెవడికీ తట్టలేదు.

శనివారం సాయంత్రం, నా డ్రైవర్ తలుపు పక్కనున్న స్తంభానికి ఒక బోర్డు కూడా కొట్టాను.

'తలుపు తగిలితే తాట తీస్తా. ఇట్లు, కొండలు.'

ఆదివారం పొద్దున చూద్దును కదా, నా డ్రైవర్ తలుపు మీద రూపాయి బిళ్ళంత సొట్ట.

బోర్డు కొట్టిన మర్నాడే! అంటే నన్ను చూసి ఎంత లెక్కలేనితనం! నా ఒళ్ళు మండిపోయింది. నేను వేసిన కేక వినపడి మూడంతస్తుల బాల్కనీలూ నిండిపోయాయి. కృపానందం గారు లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమైంది అబ్బాయ్?"

"ఏమైందా? చూడండి! మీ తలుపు చేసిన నిర్వాకం!"

"మా తలుపా? ఆ తలుపు..."

"కళ్ళు బండిలో వదిలేసి దిగుతారా మీరు?"

"అది కాదు నాయనా, ఆ తలుపు అసలు..."

"అసలూ లేదు, వడ్డీ లేదు! ముప్ఫై ఏళ్ళు బస్సు తలుపులు దబదబా బాదిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకుంటుందా?"

ఆ మాటకి బాల్కనీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కృపానందం గారి మొహం చిన్నబోయింది. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. దొంగ కాకపోతే నోరు మూసుకుంటాడా అనుకున్నాను. ఆ నోరు మూయించింది నేనేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఇదంతా ఉస్తాద్‌కి చెబుతుంటే మళ్ళీ నా గొంతు లేచింది.

"తియ్యడం వచ్చినవాడికి కొట్టడం రాదా ఉస్తాద్? ఎవడూ సాపు చెయ్యలేని సొట్ట కొడతాను. మన షెడ్డుకే తీసుకురావాలి. నేను చూసి, 'అయ్యో, ఇది నావల్ల కాదండీ' అనాలి!"

వద్దంటాడనుకున్నాను. నాలుగు చీవాట్లు పెడతాడనుకున్నాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని లేచాడు.

"నేర్పుతా. సుత్తి తెచ్చుకో."

నాకు కొంచెం భయమేసింది. తొమ్మిదేళ్ళు ఆ చేతులు రేకుల్ని బాగుచెయ్యడమే చూశాను. కానీ కోపం ఉన్నచోట భయానికి పార్కింగ్ దొరకదు. నా సుత్తి నేను తీసుకున్నాను. మల్లుగుడ్డ ఆయన తీసుకున్నాడు.

దారంతా నేనే మాట్లాడాను. అపార్ట్‌మెంట్‌కి వచ్చి, తెల్లబండి పక్కన నా చోట్లో బండి పెట్టి, దాన్ని చూడగానే పళ్ళు పటపట కొరుక్కుంటూ తలుపు విసిరి దిగాను.

ఉస్తాద్ వెంటనే దిగలేదు. తల కాస్త వంచి, ఏదో విన్నవాడిలా కూర్చున్నాడు. తర్వాత అటువైపు నుంచి దిగి, బండి చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

"ముందు చదువు. చదివాక కొడుదువుగాని" అంటూ భుజం మీది తువ్వాలు తీసి నా కళ్ళకి కట్టాడు.

"దాగుడుమూతలా ఉస్తాద్?"

"కోపంగా ఉన్నావు. కళ్ళు మూసుకోమన్నా మూసుకోవు."

భుజాలు పట్టుకుని నన్ను రెండు చుట్లు తిప్పాడు. రెండు బండ్ల మధ్య సందులోకి నడిపించి, నా అరచేతి కింద మల్లుగుడ్డ పెట్టి, ఆ చేతిని రేకుకి ఆనించాడు.

చెయ్యి ఆనగానే గుండె చల్లబడింది. ఎంత నున్నగా ఉందో!

"నా రంగే ఉస్తాద్. లక్షల్లో గుర్తుపడతాను."

"చదువు."

చెయ్యి మెల్లగా కిందికి జరిపాను. దొరికింది. ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది.

"నిలువుగా ఉంది, గీతలాగ. తలుపు అంచే. సందేహం లేదు."

"ఇంకా?"

"ఒక్కటి కాదు ఉస్తాద్! ఇక్కడొకటి... దీని పక్కనే ఇంకోటి... అయిదున్నాయి! నేనొక్కటే చూశాను, చూడండి. ఒక్కరోజు పని కాదిది. నెలల తరబడి కొడుతున్నాడు."

"ఇంకా?"

"రేకు కోసుకుపోయింది. ఉత్త తలుపైతే ఇంత లోతు దిగదు. అంచుకి ఇనుమేదో వేసుకున్నాడు. చూశారా ఎంత పాపిష్టివాడో! తన తలుపు చెక్కుచెదరకూడదు, ఎదుటివాడి తలుపు ఏమైపోయినా ఫరవాలేదు."

"మనిషెలాంటివాడు?"

"తొందరమనిషి. విసురుగా తీస్తాడు. తగిలిన చప్పుడు వినడు. వెనక్కి తిరిగి చూసే అలవాటే లేదు. ఇలాంటివాడికి సొట్ట కాదు ఉస్తాద్, ఆ చెయ్యే విరగ్గొట్టాలి!"

"ఏ చెయ్యి?"

"తలుపు తీసే చెయ్యి. కుడిచెయ్యి."

"అయితే సుత్తి ఎడమచేతిలోకి మార్చుకో" అన్నాడు ఉస్తాద్.

అర్థం కాలేదు. ఎడమచేత్తో తువ్వాలు పైకి లాగాను.

ఎదురుగా తెల్లటి రేకు. దాని మీద నిలువుగా అయిదు సొట్టలు. ఒక్కోదాని నడుమా నల్లటి రబ్బరు మరక. అయిదోది తళతళలాడుతోంది. దుమ్ము కూడా పట్టలేదు.

వెనక్కి తిరిగాను. నా తలుపు ఇంకా బార్లా తెరిచే ఉంది. బీడింగు పొడుగునా, పిండి చల్లినట్టు, తెల్లరంగు పొడి.

ఉస్తాద్ నా వైపు చూడటం లేదు. స్తంభం మీద బోర్డు చదువుతున్నాడు. ఆయనకి చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుని, మెల్లగా, పైకే చదివాడు.

"తలుపు... తగిలితే... తాట... తీస్తా. ఇట్లు... కొండలు."

నేను వేసిన ఆ సున్నపు గీత లోపలికి దూరిపోవాలనిపించింది.

ఇంతలో మా మాటలు విని కృపానందం గారు బయటికి వచ్చాడు. చేతిలో బండి తాళాలు. నన్ను చూసి కాస్త దూరంలోనే ఆగిపోయాడు.

"గొడవెందుకులే బాబూ. బండి ఇవ్వాళ్టి నుంచి రోడ్డు మీద పెట్టుకుంటాను."

ఉస్తాద్ ఆయనకి సలాం చేశాడు. "సార్, ఈ తలుపు ఒకసారి తీస్తారా?"

కృపానందం గారు నా మీద ఒక కన్నేసి ఉంచి, సందులోకి వచ్చి, ఆ తలుపు గుంజాడు. రాలేదు. రెండు చేతులతో గుంజాడు. బండి ఊగింది గానీ తలుపు రాలేదు.

"ఇది తెరుచుకోదు సాయిబుగారూ. లాకు పోయి మూడేళ్ళయింది. నేను అటువైపు నుంచి దిగుతాను. మా ఆవిడ వెనకాల కూర్చుంటుంది." కాస్త ఆగి, నా వైపు తిరిగి, "నిన్న అదే చెప్పబోయా" అన్నాడు.

సుత్తిని వీపు వెనక్కి దాచాను. ఆయన నా మొహం వైపు చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోన్లే అబ్బాయ్, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంతకంటే పెద్ద తిట్లే తిన్నాను. చిల్లర లేదన్నందుకు."

ఆయన నవ్వాడు. తాట తీస్తానని బోర్డు పెట్టినవాడికి ఆ నవ్వు తగిలినట్టు ఏ తలుపూ తగల్లేదు.

ఉస్తాద్ నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు.

"మూడు టీలు తీసుకురాపో" అన్నాడు.

తొమ్మిదేళ్ళ సీనియర్ని. తల వంచుకుని వెళ్ళాను. వీధి చివర టీ బడ్డీ. దారిలో తెల్లబండికి మనసులోనే పని మొదలుపెట్టాను. లోపలి అట్ట విప్పాలి, లాకు మార్చాలి, అయిదు సొట్టలూ వెనకనుంచి తియ్యాలి, రంగు కలపాలి. ఒక ఆదివారం చాలదు, రెండు పడతాయి. బీడింగు మాత్రం ఈరోజే పీకేస్తాను. ఆ లెక్కలో ఉండబట్టి కొంచెం తేలికపడ్డాను. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చి ఆగాను. ఆ తలుపు తెరుచుకోకపోతే, మరి నా తలుపు మీద సొట్ట ఎవరిది?

మూడు గ్లాసులు పట్టుకుని తిరిగొచ్చేసరికి వాళ్ళిద్దరూ పాత స్నేహితుల్లా కబుర్లలో ఉన్నారు. బస్సుల గురించి. నా టైర్ల మీదే కూర్చున్నారు. ఉస్తాద్ పక్కనే, తలుపు మూసిన నా బండి. కబుర్ల మధ్యలో ఆయన చెయ్యి ఊరికే ఉండలేదు. నా సుత్తిని తీసుకుని, దాని మొహాన్ని, నా తలుపు మీదున్న ఆ రూపాయి బిళ్ళంత సొట్టకి ఆనించి పట్టుకున్నాడు.

ఇడ్లీ పాత్ర గుంటలో ఇడ్లీలా కూర్చుంది.

రెండో చేత్తో టీ అందుకుని, ఒక గుక్క తాగి, నా వైపు చూడకుండానే, "చక్కెర తక్కువైందిరా" అన్నాడు.

అంతే. సుత్తి నా చేతికిచ్చి, ఆటో ఎక్కి షెడ్డుకి వెళ్ళిపోయాడు.

తెల్లబండి ఇప్పుడు నా బండి కంటే నున్నగా ఉంది. ఆ తలుపు తెరుచుకుంటుంది కూడా. కృపానందం గారి భార్య ముందు సీట్లో కూర్చుంటోంది. నా తలుపు మీద సొట్ట మాత్రం అలాగే ఉంచాను. షెడ్డుకి వచ్చినవాళ్ళు, "టింకర్‌వి, నీ బండికే సొట్టా? ఎవడు కొట్టాడు?" అని అడుగుతారు. పార్కింగ్‌లో ఎవడో అంటూ ఇన్నాళ్ళూ దాటేశాను.

ఎవడో కాదు. శనివారం సాయంత్రం స్తంభానికి ఆ బోర్డు కొడుతూ, రేపు తగలబోయే తలుపుల్ని ముందే తిట్టుకుంటూ ఉంటే, చేతిలో సుత్తి జారి వెనక్కి పోయింది. టంగుమని చప్పుడు నాకు వినపడింది కూడా. వెంటనే తిరిగి చూశాను.

తెల్లబండి వైపు.