ప్రెసిడెంటు గారు ఇంట్లో లేరు

పనసగెడ్డ అనే కొండ ఊరికి జనం ఓట్లేసి గెలిపించుకున్న ప్రెసిడెంటు కాసులమ్మే అయినా, ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "ప్రెసిడెంటు గారున్నారా?" అని అడిగితే "లేరండీ, బయటికెళ్లారు" అని చెప్పేంత పిరికిది.

బయటికెళ్లింది ఆమె మొగుడు లింగరాజు. ఆ పదవి ఆడవాళ్లకి కేటాయించారు కాబట్టి నామినేషన్ కాగితం మీద పెళ్లాం పేరు రాయించాడు. మిగతావన్నీ తనే ఉంచుకున్నాడు. కుర్చీ, ఫోను, పంచాయతీ ఆఫీసు తాళాలు, పేరు చివర "గారు" కూడా. ఊరంతా అతన్నే ప్రెసిడెంటు గారు అనేవారు. ఆమెని ప్రెసిడెంటు గారి భార్య అనేవారు. తన అధ్యక్షతన జరిగే మీటింగుకి ఆమే టీ కాచి తెచ్చేది.

ఒకసారి మండలాఫీసు నుంచి వచ్చినాయన ఏదో అడిగితే ఆమె తనే జవాబు చెప్పింది. ఆ రాత్రి లింగరాజు కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. ఒక్క మాట కూడా అనలేదు. అతను అరిస్తే ఎంతవరకు అరుస్తాడో ఆమెకి తెలుసు. ఆ మౌనం ఎంతవరకు పోతుందో తెలియదు. అప్పట్నుంచి నోరు తెరవలేదు.

ఊరికి దారులు రెండు. పై రోడ్డు లింగరాజు కాఫీ గోడౌను మీదుగా సంతకి పోతుంది. కింది రోడ్డు కొండ వాలు కిందుగా, ఊటనీళ్ల దగ్గర్నుంచి అంగన్‌వాడీ దాకా పోతుంది. పై రోడ్డు మీద జీపులు తిరిగేవి. కింది రోడ్డు మీద బిందెలతో ఆడవాళ్లూ, వాళ్ల కొంగులు పట్టుకుని పిల్లలూ నడిచేవారు. ఏటా వానలకి కొండ మీంచి బురద జారి రెండు దారుల్నీ కప్పేసేది. పంచాయతీ జేసీబీని రప్పించేది. అది ముందు పై రోడ్డు బాగుచేసేది. ఆ తర్వాత ఇంకాస్త పై రోడ్డు బాగుచేసి వెళ్లిపోయేది. కింది రోడ్డు పక్క కాలవలో పూడిక ఏళ్ల తరబడి అలాగే ఉండేది. పోయే దారి లేక వాననీళ్లన్నీ కొండలోకే ఇంకేవి.

ఆ కాలవ తీయించమని ఆడవాళ్లు మీటింగులో అడిగారు. "నడిచేవాళ్లకి రోడ్డెందుకమ్మా, కాళ్లున్నాయి కదా" అన్నాడు లింగరాజు. మగవాళ్లు నవ్వారు. టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ప్రెసిడెంటు కూడా నవ్వింది.

ఆ ఏడు వాన పట్టిందంటే వదల్లేదు. ఒక ఉదయం అంగన్‌వాడీ ఆయా చిలకమ్మ నడుం దాకా బురదైన కోకతో పరుగెత్తుకుంటూ కాసులమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ప్రెసిడెంటు గారున్నారా అక్కా?"

"లేరమ్మా. గోడౌను దగ్గరికెళ్లారు" అంది కాసులమ్మ, అలవాటుగా.

చిలకమ్మ రొప్పుతూనే సంగతి చెప్పింది. పిల్లలు అంగన్‌వాడీకి చేరాక, వాళ్లొచ్చిన కింది రోడ్డు మీద బురద జారిందట. మనిషి నడుములోతు ఉందట. దానికి పైన కొండ వాలు బీట పడిందట, చెట్లు ముందుకి ఒరుగుతున్నాయట. ఊటనీళ్లు ఎర్రగా వస్తున్నాయట. టీచరు పిల్లల్ని గోడవారగా కూర్చోబెట్టి ఏడుపు ఆపుకుంటోందట. గోడౌను దగ్గరున్న జేసీబీ వచ్చి బురద తోస్తే, ఆ వాలు కూలేలోగా పిల్లల్ని ఇవతలికి తెచ్చుకోవచ్చు. ఇంకో దారి లేదు.

"ఆయనకి చెప్పు, తొందరగా వెళ్లు" అంది కాసులమ్మ. చిలకమ్మ వానలో గోడౌను వైపు పరుగెత్తింది.

కాసులమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఆమె పిల్లలిద్దరూ పట్నం హాస్టల్లో క్షేమంగా ఉన్నారు. అయినా లోపలికి పోలేకపోయింది. కింది వైపు నుంచి ఏదో సన్నటి చప్పుడు వినిపిస్తోంది, ఎవరో చేటలో రాళ్లు చెరుగుతున్నట్టు. అది ఆగితే బాగుండుననుకుంది. ఆగింది. ఆగాక ఇంకా భయమేసింది. పక్షి కూత కూడా లేదు.

చిలకమ్మ తిరిగొచ్చింది. ఈసారి గుమ్మం వైపు చూడలేదు.

"ఏమన్నారు?" అని కాసులమ్మే కేకేసింది.

"లోడు జీపు బురదలో దిగబడిందట. అది లాగాక చూస్తారట. ఆ కొండ మా తాత నాటి నుంచి అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు అన్నారు." మాట పూర్తవకముందే చిలకమ్మ కింది రోడ్డు మలుపు తిరిగిపోయింది, ఒంటరిగా, ఉత్త చేతులతో.

తనని దాటిపోయిన ఆ వీపు చూశాక కాసులమ్మకి గుమ్మంలో నిలబడటం కూడా భయంగానే తోచింది. చెప్పులు వేసుకోకుండానే గోడౌనుకి పరుగెత్తింది.

లింగరాజు గొడుగు కింద ఉన్నాడు. జేసీబీ జీపుని లాగుతోంది. ఆమె లింగరాజు వైపు చూడకుండా నేరుగా బండి దగ్గరికి వెళ్లి, డ్రైవరు సూరిబాబుకి ఏదో చెప్పింది. ఇంజను మోతలో అతనికి వినబడలేదు. ఇంజను ఆపి, "ఏటన్నారమ్మా?" అని అడిగాడు. ఒకసారి అనడానికే ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు ఆ నిశ్శబ్దంలో, మొగుడు వింటుండగా, మళ్లీ అనాల్సొచ్చింది.

"బండి కింది రోడ్డుకి తిప్పు బాబూ. ప్రెసిడెంటుని చెబుతున్నాను."

సూరిబాబు మైదానం నుంచి వచ్చినవాడు. గొడుగు వైపు చూసి, "మరి ఆయన కాదేటి ప్రెసిడెంటు?" అన్నాడు.

"కాదు. ఆయన ప్రెసిడెంటు మొగుడు."

"ఇంట్లోకి పో" అన్నాడు లింగరాజు నెమ్మదిగా. ఆమె పోలేదు. జేసీబీ మెట్టు మీదకెక్కి కడ్డీ పట్టుకుని నిలబడింది. సూరిబాబు బండి తిప్పాడు.

బురద తోసేసరికి చిలకమ్మ అప్పటికే ఒక్కొక్క బిడ్డనీ భుజాన వేసుకుని బురద అంచు దాకా తెచ్చి ఉంచింది. టీచరూ, కాసులమ్మా, సూరిబాబూ చేతులు మార్చి పిల్లల్ని ఇవతలికి చేర్చారు. చిలకమ్మ చివరి బిడ్డని అందిస్తుండగా చెట్టు వేళ్లు తెగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత కొండ దిగొచ్చింది. బిడ్డ కాసులమ్మ చేతుల్లోకి వచ్చాడు. చిలకమ్మ కాలు బండరాయి కింద ఉండిపోయింది.

పెద్దాసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు. కాసులమ్మ చూడటానికి వెళ్లింది. మంచం పక్కన నిలబడి, ఆ పొద్దున అబద్ధం చెప్పాను, క్షమించమని అడిగింది.

"అబద్ధమేం కాదులే అక్కా" అంది చిలకమ్మ. "ప్రెసిడెంటు ఉన్నారా అన్నాను. లేరన్నావు. నిజంగానే అప్పుడు లేరు. కాసేపు ముందొచ్చుంటే నాకు రెండు కాళ్లుండేవి."

 

మరుసటి ఏడు వానలకి ముందే ఆమె కింది రోడ్డు కాలవ పూడిక తీయించింది. లింగరాజు నెలల తరబడి ఆమెతో మాట్లాడలేదు. భయమేసేది. భయపడుతూనే ఆఫీసు తాళాలు అడిగి తీసుకుంది.

నీతి: భయం తప్పు కాదు, కానీ భయపడి మన చోటు ఇంకొకరికి వదిలేస్తే ఆ దెబ్బ మనకి తగలదు, మనల్ని నమ్మి అడగడానికి వచ్చినవాళ్లకి తగులుతుంది.