దూలం కింద చాప

కొనబోయే ఇంట్లో కాసేపు పడుకుని చూడాలనేది భద్రాచారి గారి పద్ధతి. సామర్లకోటలో పాత ఇళ్లు కొని, బాగుచేసి అమ్మే పనిలో ఆయన ముప్పై ఏళ్లున్నారు. పుట్టుకతో వడ్రంగి. యజమాని గదులన్నీ తిప్పి చూపించాక, "చాప ఉందా అమ్మా?" అని అడిగేవారు. నిలబడి చూసేవాడికి గచ్చు కనిపిస్తుంది, పడుకున్నవాడికి కప్పు కనిపిస్తుంది అనేవారు. ఇప్పుడు ఫోన్లో నాలుగు ఫొటోలు చూసి అడ్వాన్సు పంపేస్తున్నారు. ఆయన శిష్యుడు తాతబ్బాయికి అరవై దాటాయి. కొత్త ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడల్లా చాప అడిగే ఆ గొంతు ఇంకా చెవిలో పడుతుందంటాడు.

ఆరేళ్లు ఆయన వెంట తిరిగి, తాతబ్బాయి మొదటిసారి సొంతంగా కొన్నది స్టేషను వెనక ఒక పెంకుటిల్లు. తాను ఉంటున్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి మరీ కొన్నాడు. మొజాయిక్ వేయించాడు, అరుగు కట్టించాడు, తలుపులు మార్చాడు. డబ్బంతా అయిపోయాక, ఫ్యాను కొక్కేనికి చిల్లు వెయ్యడానికి బరమా పెడితే, అది సావిట్లో దూలంలోకి తవుడులో దిగినట్టు దిగిపోయింది. లోపలంతా చెదలు. దూలం మార్చాలంటే కప్పు విప్పాలి. విప్పించడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. నెలాఖరులోగా ఇల్లు అమ్ముడుపోకపోతే బ్యాంకువాళ్లు అతనుంటున్న ఇంటి మీదికి వస్తారు.

రంపపుపొట్టులో జిగురు కలిపి బొరియలు పూడ్చాడు. పైన రంగు వేయించాడు. అప్పుడు గురువు దగ్గరికి వెళ్లాడు.

"ఇంట్లో లోపం బయటపడిందండి. డబ్బేమో అయిపోయింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలంటారు?"

ఏ లోపమో చెప్పలేదు. రంగు సంగతీ చెప్పలేదు. భద్రాచారి గారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "పద, చూద్దాం."

మిట్టమధ్యాహ్నం. ఆయన గదులన్నీ తిరిగి, మొజాయిక్ బాగుందన్నారు. తర్వాత చాప అడిగి, సరిగ్గా దూలం కింద పరిచారు.

"ఆ కిటికీ దగ్గర గాలి బాగా వస్తుందండి," అన్నాడు తాతబ్బాయి.

"నాకిక్కడ బాగుందిరా."

"పోనీ అరుగు మీద మంచం వెయ్యనాండి?"

"కొనేవాడికీ ఇన్ని మర్యాదలు చేస్తావేంట్రా?" అని ఆయన కండువా తలకింద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నిమిషంలో గురక మొదలైంది.

తాతబ్బాయి గోడకి ఆనుకుని పైకి చూస్తూ కూర్చున్నాడు. నిన్నటి వరకూ నిలిచిన దూలం ఈ గంటలో ఏం పడుతుందిలే అనుకున్నాడు. ఇంతలో ఒక గూడ్సు బండి వెళ్లింది. పెంకులు గలగలలాడాయి. ఆయన ముఖం మీద చిటికెడు పొట్టు రాలింది. తాతబ్బాయి ఒక్క ఉదుటున లేచి, చాప కొస పట్టుకుని, మనిషితో సహా గోడవారకి ఈడ్చేశాడు.

"ఏంటండీ, పెద్దాయన్ని అలా ఈడుస్తున్నారు?"

గుమ్మంలో కృపాదానం ఉన్నాడు. రైల్వేలో గార్డు. బేరం దాదాపు కుదిరింది, అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చాడు.

తాతబ్బాయి చాప కొస వదిలేశాడు. "దూలం పుచ్చిపోయిందండి. పైన రంగేయించాను."

"నాకు చెప్పకుండానే అమ్మేద్దామనుకున్నారా?"

"అనుకున్నానండి."

కృపాదానం పైకి చూశాడు. "మా అమ్మ మంచం ఇక్కడే వేద్దామనుకున్నాం," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మూడో రోజు ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. దూలం మార్చడానికీ, కప్పు విప్పి మళ్లీ నేయించడానికీ అయ్యేదంతా కోసేసి కొత్త ధర చెప్పాడు. తాతబ్బాయి ఆ ధరకే ఇచ్చేశాడు. బ్యాంకు బాకీ తీరింది, ఉంటున్న ఇల్లు దక్కింది. ఆరు నెలల చాకిరీకి లాభమన్నది పైసా మిగల్లేదు.

రిజిస్ట్రేషను అయ్యాక గురుశిష్యులిద్దరూ ఆఫీసు ఎదురుగా టీ తాగుతున్నారు. "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు గురువుగారూ," అన్నాడు తాతబ్బాయి, కాస్త నిష్ఠూరంగానే.

భద్రాచారి గారు గ్లాసు కింద పెట్టి, "నన్ను ఈడ్చేటప్పుడు ఎవరినడిగి ఈడ్చావురా?" అన్నారు.