నెల పిల్ల

నిర్వాణస్వామిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు దొరికేది కాదు, పని దొరికేది. దేవుడున్నాడా అని అడిగిన లాయరు ఒకాయన మూడు రోజులు మఠం బావిలో పూడిక తీసి, నడుం పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. ఆయన సందేహం తీరిందో లేదో తెలియదు గానీ, బావిలో మాత్రం నీళ్ళు ఊరాయి.

ఎర్రకొండ కింద ఉన్న ఆ మఠంలో వన్నూరప్ప అనే శిష్యుడు రెండేళ్ళుగా ఉంటున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. కాషాయం ఇవ్వమని ఎనిమిదిసార్లు అడిగాడు. ఎనిమిదిసార్లూ స్వామి "చూద్దాంలే" అన్నాడు. తొమ్మిదోసారి అడగడానికి మాత్రం గట్టి కారణమే ఉంది. సరుకులకని ఊళ్ళోకి వెళ్ళినప్పుడు, బస్టాండు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న ఒకమ్మాయి అతని చిరిగిన సంచీ కుట్టి ఇచ్చింది. దారం పంటితో కొరికి, నవ్వి, "ఇంక చిరగదులే" అంది. అంతే జరిగింది. ఆ తర్వాత పది రోజులు జపమాల చేతిలో తిరుగుతూనే ఉంది, మనసు మాత్రం ఆ మిషను దగ్గరే కూర్చుంది. కాషాయం కట్టేసుకుంటే ఈ గొడవ ఒక్కసారిగా వదిలిపోతుందని వన్నూరప్ప గట్టిగా నమ్మాడు.

అతనికి స్వామిలాగా కావాలని ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పసిపిల్లలకు పేరు పెట్టించుకోవడానికి మఠానికి వచ్చేవాళ్ళు. స్వామి ఏ బిడ్డనూ చేతుల్లోకి తీసుకునేవాడు కాదు. దూరం నుంచే పేరు చెప్పి, వెనకవైపు పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయి, చాలాసేపటికి గానీ బయటికి వచ్చేవాడు కాదు. పసిబిడ్డ నవ్వు కూడా అంటని వైరాగ్యం అది అనుకుని వన్నూరప్ప ఆ కొట్టం వైపు చూసి దణ్ణం పెట్టుకునేవాడు.

"స్వామీ, కోరికను లేతగా ఉన్నప్పుడే కోసిపారేస్తే మంచిది కదా! ముదిరాక కోస్తే నొప్పి ఎక్కువ కాదా?" అని అడిగాడు ఆ తొమ్మిదోసారి.

స్వామి అతని కాళ్ళ దగ్గర గెంతుతున్న మేకపిల్లను చూశాడు. తల్లి చచ్చిపోతే వన్నూరప్పే సీసాతో పాలు పట్టి పెంచిన పోతుపిల్ల అది. వేరుశెనగ పొట్టు రంగులో ఉంటుందని అందరూ దాన్ని శెనక్కాయ అని పిలిచేవాళ్ళు. పుట్టి నెల తిరిగిందో లేదో, భజనలో కూర్చున్న ఆడవాళ్ళ వీపుల మీదికి ముందుకాళ్ళు వేసి ఎక్కబోయేది. వాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే వన్నూరప్పకు తల తీసేసినట్టయ్యేది.

"ముందు దాని సంగతి చూడు. విత్తు కొట్టిస్తే ఎక్కడం మానుతుందేమో. ఓబుళమ్మను అడుగు, ఆమె ఎప్పుడంటే అప్పుడు," అన్నాడు స్వామి.

ఓబుళమ్మకు నలభై మేకలున్నాయి. వాటి మధ్యే పుట్టి, వాటి మధ్యే ముసలిదైంది. ఆమె శెనక్కాయను తిరగేసి, రెండు వేళ్ళతో తడిమి, కింద వదిలేసింది.

"ఇప్పుడేం తొందరప్పా? ఇంకా పాలు తాగే పిల్ల ఇది. దసరా దాటనీ. ఈ విత్తులుంటేనే పోతుపిల్లకు ఉచ్చగొట్టం ఎదిగేది. ముందే కొట్టిస్తే అది సన్నంగానే నిల్చిపోతాది. ఈ పొద్దుకు ఏమీ కాదు, తర్వాత తెలుస్తాది."

"అందరి మీదా ఎక్కుతాంది కదమ్మా!"

"ఆడుకుంటాంది. దానికి లేని సిగ్గు నీకెందుకు?" అంది ఓబుళమ్మ. వన్నూరప్ప చెవులు ఎర్రబడ్డాయి.

దసరాకు ఇంకా నాలుగు నెలలుంది. మేక పని అయితే గానీ తన ప్రశ్నకు జవాబు రాదు. వన్నూరప్ప మఠానికి తిరిగి రాలేదు, పిల్లను చంకన పెట్టుకుని నేరుగా పక్క ఊరికి నడిచాడు. అక్కడ పట్టకారుతో విత్తు నొక్కేవాడు ఒకడున్నాడు. వాడు వయసు అడిగే రకం కాదు. నొక్కినప్పుడు శెనక్కాయ ఒక్క కేక పెట్టి, తనను పట్టుకున్న వన్నూరప్ప బొటనవేలే నోట్లోకి తీసుకుని చీకడం మొదలుపెట్టింది.

"ఓబుళమ్మ ఏమంది?" అని అడిగాడు స్వామి, అతను సాయంత్రం మఠానికి వచ్చాక.

"కొట్టించమంది స్వామీ."

రెండేళ్ళలో అతను స్వామితో ఆడిన మొదటి అబద్ధం అది. స్వామి అతని ముఖంలోకి చూసి, "సరే. దీన్ని ఏడాది సాకు. ఏడాది తర్వాత నువ్వు అడిగితే కాదనను," అన్నాడు.

ఆ ఏడాది హాయిగా గడిచింది. శెనక్కాయ ఎవరి మీదా ఎక్కలేదు, ఎవరినీ పొడవలేదు, పోతుల కంపు కూడా దాని దగ్గర లేదు. భజన జరుగుతుంటే ఒక మూల ముడుచుకుని పడుకునేది. వచ్చినవాళ్ళు సాధువు మేక అని మురిసిపోయి జొన్నలూ తవుడూ దోసిళ్ళతో పెట్టేవాళ్ళు. వన్నూరప్ప ఆ మాట తనను అన్నట్టే పొంగిపోయేవాడు. సరుకులకు వేరేవాళ్ళను పంపి, ఆ సంచీని మేకుకు తగిలించేశాడు. దాని వైపు చూడకుండా ఉండటం కూడా అతనికి బాగానే అలవాటయింది.

ఏడాదికి ఇంకో పదిరోజులుందనగా, మంచి ఎండాకాలంలో, ఒక ఉదయం శెనక్కాయ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిపోయింది. తోక వణుకుతోంది. ముక్కుతోంది, మూలుగుతోంది. అజీర్తి అనుకుని వన్నూరప్ప ఆముదం పట్టాడు. మధ్యాహ్నానికి ఆ మూలుగు అరుపైంది. అప్పుడు ఓబుళమ్మను పిలిపించారు. ఆమె దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది.

"ఉచ్చ బిగిసింది. ఎప్పుడు కొట్టించినావప్పా దీనికి?"

స్వామి అక్కడే నిలబడి ఉన్నాడు. వన్నూరప్ప తల వంచుకున్నాడు. "ఆ రోజే. నీ దగ్గర్నించి పొయ్యి."

"దసరా దాటనీ అని చెప్పల్యా నేను? పైగా గింజలు పెట్టి మేపినారు. లోపల ఇసక మాదిరి కట్టుంటాది. ఆ సన్న గొట్టంలో యాడ దిగుతాది?" అంది ఓబుళమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వన్నూరప్ప మేకు మీది సంచీ లాక్కుని పశువుల డాక్టరు కోసం పరుగెత్తాడు. దానినిండా మందులు వేసుకుని, డాక్టరును బండి మీద వెంటబెట్టుకుని వచ్చాడు. అంత బరువుకూ సంచీ చిరగలేదు. డాక్టరు మత్తు ఇచ్చి, మూత్రం గొట్టం కొసన పురికొసలా ఉండే చిన్న ముక్కను కత్తిరించాడు. సాయంత్రానికి నాలుగు చుక్కలు పడ్డాయి, ఆ తర్వాత ధార. చెయ్యి కింద పెట్టి కూర్చున్న వన్నూరప్ప ఆ తడి చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఈసారికి గండం గడిచింది. మళ్ళీ రాదని చెప్పలేను. గింజలు మానేసి, నీళ్ళు బాగా తాగించండి. బతికినన్నాళ్ళూ దీన్ని కనిపెట్టుకునే ఉండాలి," అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు.

పదిరోజులు గడిచాయి. ఏడాది నిండింది. వన్నూరప్ప కాషాయం మాట ఎత్తలేదు. ఆ ఉదయం ఒక జంట తొలి బిడ్డను తీసుకుని వచ్చింది. స్వామి ఎప్పటిలాగే దూరం నుంచి పేరు చెప్పి కొట్టంలోకి నడిచాడు. ఈసారి వన్నూరప్ప దణ్ణం పెట్టుకోలేదు, వెనకే వెళ్ళాడు. స్వామి కొట్టం గుంజను పట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. బయట బిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆగేదాకా ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి.

వన్నూరప్ప గుంజ దగ్గరికి వెళ్ళాడు. "మీకు కాషాయం ఎన్నో ఏట ఇచ్చారు స్వామీ?" అని అడిగాడు.

స్వామి జవాబు చెప్పాడు. ఆ మఠంలో అది ఎప్పుడో గానీ జరిగేది కాదు.

"తొమ్మిదో ఏట," అన్నాడు. "మా గురువు ఏ ఓబుళమ్మనూ అడగలేదు."

తర్వాత ముఖం తుడుచుకుని, "శెనక్కాయకు నీళ్ళు పెట్టు, పో," అన్నాడు.