జ్వరం నుంచి లేచిన పురుగులు

"సామీ, మేలుకున్నవాడు నిద్రపోయేవాడి కోసం ఎన్నాళ్ళు పస్తుండాలి?" అని ఓబులేసు ఒక మధ్యాహ్నం తన గురువు చిదంబరయ్యను అడిగేశాడు. ఆశ్రమంలో చేరి మూడేళ్ళయింది. తనతోపాటు చేరిన నలుగురూ సిద్ధమయ్యేదాకా ఎవరికీ ఉపదేశం లేదన్నారు గురువు. ఆ నలుగురిలో ఇద్దరు ధ్యానానికి కూర్చుంటే గురక పెడతారు. ఓబులేసుకేమో గాలికి ఆకు కదిలినా తననెవరో పిలిచినట్టే ఉంటుంది. ఇక వెళ్ళిపోదామని బట్టలు మూట కూడా కట్టుకున్నాడు.

చిదంబరయ్య లేచి చెప్పులు తొడుక్కుని, పక్క పొలంలో సుంకమ్మ పట్టుపురుగులు పెంచే షెడ్డుకు అతణ్ణి తీసుకెళ్ళారు.

సుంకమ్మ కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. వెదురు తట్టల నిండా తెల్లటి పురుగులు. కొన్ని తల పైకెత్తి కదలకుండా ఉన్నాయి. కొన్ని పాత చర్మం విడిచేసి, తట్ట అంచులదాకా పాకి, లేని ఆకు కోసం గాలిలో తలలాడిస్తున్నాయి. కోసిన మల్బరీ ఆకు తడి గోనె కింద ఉంది.

"మేత మాని చర్మం మార్చుకుంటాయే, దాన్ని మేం జ్వరం అంటాం నాయనా," అంది సుంకమ్మ. "సగమే లేచినాయి ఇంకా."

"లేచినవాటికి పెట్టొచ్చు కదమ్మా!"

"ఇప్పుడేస్తే లేవనివి ఆకు కింద పూడిపోతాయి. వెయ్యకుంటే ఇవి నీరసిస్తాయి. పోయినసారి పంటంతా పారబోసినా. ఈసారీ పోతే మల్బరీ తోట దున్నేస్తానంటాడు మా ఆయన. సామీ, మీరన్నా చెప్పండి ఈ పిల్లోనికి, నన్ను మాట్లాడించొద్దని."

తట్టల్లో తడి పీల్చేందుకు చల్లే పొడి సున్నం తేవడానికి ఆమె బయటికెళ్ళింది. ఒక పురుగు ఓబులేసు వేలెక్కి, కొసదాకా పాకి, అక్కణ్ణుంచి దారిలేక తల ఊపింది. అంతే, అతని మనసు నిలవలేదు. గోనె తొలగించి రెండు గుప్పిళ్ళ ఆకు ఆ తట్టలో చల్లేశాడు. గురువు చూస్తూ ఊరుకున్నారు.

తిరిగొచ్చిన సుంకమ్మ చేతిలోంచి సున్నం జారిపోయింది. "ఎంత పని జేస్తివి అబ్బీ! ఆకలొక్కటే కనపడిందా నీకు?" అంటూ ఒక ఆకు ఎత్తి చూపింది. దాని కింద ఒక పురుగు పాత చర్మంలోంచి సగం బయటికొచ్చి, మిగతా సగం లాక్కోలేక మెలికలు తిరుగుతోంది. "ఒక్కొక్క ఆకే తియ్యి. చేతి బరువు పడనీకు."

ముగ్గురూ తట్ట మీదికి వంగి ఆకులు ఏరసాగారు. లేచిన పురుగులు ఆకును వదలడం లేదు. ఎత్తితే దాంతోపాటే వేలాడుతూ వస్తున్నాయి. కొన్ని ఆకులు తీశాక ఓబులేసు ఆగిపోయాడు.

"సామీ, తినే నోటి దగ్గర్నుంచి లాగేస్తుంటే చెయ్యి వణుకుతోంది."

చిదంబరయ్య తల ఎత్తకుండానే ఇంకో ఆకు తీశారు.

"మూడేళ్ళుగా నాదీ వణుకుతూనే ఉంది," అన్నారు.