వినపడని నాదం

పిల్లలూ, చెవికి వినపడని చప్పుడు మోకాలి నొప్పి తగ్గిస్తుందా? ఆలోచిస్తూ వినండి.

పూర్వం ఒక రాజుగారి తల్లి మల్లమాంబకు మోకాళ్లు అరిగిపోయాయి. గానుగ నడిపే పైడమ్మ రోజూ వచ్చి, గోరువెచ్చని నువ్వులనూనె రాసి, చెయ్యి పట్టుకుని పెరట్లో నాలుగడుగులు నడిపించేది. ఇద్దరూ ముసలివాళ్లే, వాళ్ల కబుర్లకు అంతుండేది కాదు.

ఇంతలో కామభట్టు అనే వైద్యుడు ఒక వెండి బిళ్ల, దానికి తీగతో కట్టిన పెట్టె తెచ్చాడు. పెట్టె మీట తిప్పితే బిళ్లలో ఎవరికీ వినపడని నాదం పుడుతుందట. నూనె రాసి ఆ బిళ్లతో మోకాలు రుద్దితే మల్లమాంబకు హాయిగానే ఉంది.

"ఇక నడకా వద్దు, నువ్వూ వద్దు. రేపటినుంచి రాకు" అన్నాడు వైద్యుడు మర్నాడు పైడమ్మతో.

పైడమ్మ నూనెగిన్నె కింద పెట్టి అడిగింది. "అది మోగుతోందని ఎలా తెలుస్తుంది బాబూ?"

"అమ్మగారి మోకాలికి తెలుస్తుందే!"

"అయితే ఇవాళ పెట్టె తెర వెనక పెట్టండి. మీట సంగతి రాజుగారు చూసుకుంటారు."

వైద్యుడు సరేనన్నాడు. రాజు వచ్చి తెర వెనక పెట్టె దగ్గర కూర్చున్నాక, నూనె రాసి బిళ్లతో మోకాలు రుద్దాడు. "ఎలా ఉందమ్మా?"

"నిన్నటికంటే హాయిగా ఉంది నాయనా."

వైద్యుడు మీసం దువ్వుకున్నాడు. తెర తొలగించి రాజు అన్నాడు, "నేను మీట ముట్టనే లేదు."

"మరి ఈ హాయి ఎక్కడిదే పైడీ?" అంది మల్లమాంబ.

"నూనె రాసి నిమిరితే ఎవరికైనా హాయేనమ్మా. కానీ బిళ్ల మీతో నడవదు కదా!"

మల్లమాంబ నవ్వి, చెయ్యి చాచింది.

ఇక నేను వెళ్లి చిక్కుడుకాయల ఈనెలు తీస్తాను, ఇంకా సగం మిగిలాయి.