గోడ వైపు తిప్పిన కుర్చీ

అంజినమ్మ జట్టు మళ్లీ ఓడిపోయింది. ఓటమి కొత్త కాదు గనక మామూలుగా ఓడిపోయి ఉంటే ఆమె అంత కుంగిపోయేది కాదు. కానీ ఆరోజు రెండో సగంలో అవతలి కాలేజీ పిల్లలు తమ జట్టు గోల్ కొట్టినా చప్పట్లు కొట్టడం మానేశారు. జాలిపడ్డారన్నమాట. దెబ్బ తగిలితే ఓర్చుకోవచ్చు, జాలిని ఓర్చుకోవడం ఆటగాళ్లకి చేతకాదు.

అనంతపురంలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో అంజినమ్మ పీడీ మేడం. అంటే ఆటలు నేర్పే టీచరు. అంతకుముందు ఆమె పేరున్న ఫుట్‌బాల్ క్రీడాకారిణి. ఎడమకాలితో బంతిని తోసుకుంటూ గీత వెంబడి పరిగెత్తిందంటే, అడ్డమొచ్చిన పిల్ల ఎటు కదలాలో తెలియక అలాగే నిలబడిపోయేది. జిల్లాకి ఆడింది, రాష్ట్రానికి ఆడింది. దేశం జట్టు కోసం పెట్టిన క్యాంపుకి పిలుపొచ్చింది. ఆ క్యాంపులోనే ఒకరోజు మోకాలి లోపల లిగమెంటు తెగింది.

బెంగళూరులో ఆపరేషన్ చేశారు. నడవొచ్చన్నారు, మెట్లెక్కొచ్చన్నారు. ఆడొచ్చని మాత్రం ఎవరూ అనలేదు. ఆమె కూడా అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని భయం.

ఆ తర్వాత దొరికింది ఈ ఉద్యోగం. ఆట లేకపోతే పోయె, ఆట పక్కనైనా ఉండొచ్చు కదా అనుకుంది. ఉంది కూడా. అయితే పక్కన ఉండటం అనేది ఆమెకి రాలేదు. మ్యాచ్ జరుగుతుంటే గీత మీద నిలబడి మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా అరుస్తూనే ఉండేది. ఎవరు ఎటు పోవాలో, ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు కొట్టాలో అన్నీ ఆమే చెప్పేది. పిల్లలు ఆమె చెప్పినట్టే చేసేవాళ్లు. బుద్ధిమంతులు, పాపం. బంతి కాళ్ల దగ్గరికి రాగానే తలెత్తి గోల్ వైపు చూడాల్సింది పోయి, మేడం వైపు చూసేవాళ్లు. ఆమె నోట్లోంచి మాట వచ్చేలోపు అవతలి పిల్ల వచ్చి బంతి తీసుకుపోయేది.

ఇది చూసినవాళ్లందరికీ కనపడేదే. అంజినమ్మకి మాత్రం కనపడలేదు. తను చెప్పిన మాట ఒక్కటీ తప్పు కాదని ఆమె లెక్క. ఆ లెక్కా నిజమే.

ఓడిపోయిన మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచింది. మర్యాదగల మనిషి, కుర్చీ చూపించి మరీ చెప్పింది.

"శనివారం మ్యాచ్ కూడా ఇట్లే పోతే వచ్చే ఏడాదికి ఫుట్‌బాల్ వద్దులే మేడం. మన పిల్లలకి కలిసిరావడం లేదు. మీరు కబడ్డీ చూసుకుందురు."

అంజినమ్మ సరేనంది. బయటికొచ్చాక కాసేపు మెట్ల మీద కూర్చుంది. మోకాలు తెగిన రోజున కూడా ఇంత చీకటి కమ్మలేదు. అప్పుడు కనీసం నొప్పి ఉంది, అరవడానికి ఒక కారణం ఉంది. ఇప్పుడు తను ఉన్నా లేకపోయినా ఎవరికీ తేడా తెలియని మనిషిలా మిగిలింది. ఇంక ఈ పని మానేద్దామనుకుంది. మానేసేముందు ఒక్కరికి చెప్పాలి. ఆ ఒక్కరూ హుసేన్ పీరా సార్.

పీరా సార్ ఆమె చదివిన హైస్కూల్లో డ్రిల్లు సారు. చెప్పుల్లేని పిల్లల చేత రాళ్లేరించి, ఆ నేల మీదే ఫుట్‌బాల్ ఆడించినవాడు. రిటైరై కూతురింట్లో ఉంటున్నాడు. అంజినమ్మ వెళ్లేసరికి వసారాలో చాప మీద కూర్చుని విత్తనానికని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఓడిపోయినావంట గదా," అన్నాడు తలెత్తకుండా.

"ఎవురు చెప్పినారు సార్?"

"నీ చెప్పుల సప్పుడు. గెలిస్తే ఇట్ల ఈడ్చుకుంటా రావు."

అంజినమ్మకి నవ్వు రాలేదు. చాప అంచున కూర్చుని, దారి పొడుగునా కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేసింది.

"నేను ఆడినప్పుడు గెల్చినాం సార్. నేను నేర్పిస్తాంటే ఓడిపోతాండారు. నా మాటలో తప్పుంటే మీరే చూపీండి. ఎప్పుడు కొట్టల్ల, ఎవురికియ్యల్ల, అన్నీ నోరు పోయేటట్లు చెప్తాండా. ఆ పిల్లోళ్లకి కాళ్లుండాయి, తలకాయల్లేవు. శనివారం అయిపోతానే మానుకుంటా. నాకింక ఆట లేదు సార్. ఏమీ లేదు."

 పీరా సార్ వేలితో కాయ నొక్కి, గింజలు పళ్లెంలో వేశాడు.

"పొద్దున ప్రాక్టీసు ఎన్ని గంటలకి?"

"ఆరింటికి."

"వస్తా."

"మీరేంటికి సార్, మోకాళ్ల నొప్పులతో?"

"నాకు నొప్పులుండాయి, నీకు మోకాలే లేదు. ఇద్దరికి సరిపోతాది పో."

పొద్దున్నే వచ్చాడు. మెడకి మఫ్లర్ చుట్టుకుని, కూతురి స్కూటర్ వెనక కూర్చుని దిగాడు. పిల్లలు లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"రోజూ ఎట్ల చేస్తావో అట్లే చెయ్యి," అన్నాడు.

అంజినమ్మ పిల్లల్ని రెండు జట్లుగా విడగొట్టి ఆట మొదలుపెట్టింది. వెంటనే నోరు కూడా మొదలైంది. "సుకన్యా, వదులు! గౌతమీ, నీకే, నీకే! అటు కాదు, ఇటు!" చెప్పీ చెప్పీ విసుగెత్తి తనే లోపలికి దిగింది. కుంటుతూనే ఎడమకాలితో బంతి లాక్కుని ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది, గోల్ కీపర్ రజియాని బోల్తా కొట్టించి బంతిని మెల్లగా లోపలికి దొర్లించింది. పిల్లలంతా ఆగిపోయి చప్పట్లు కొట్టారు. వాళ్ల మేడం అంటే వాళ్లకి ప్రాణం.

ఆమె రొప్పుతూ సార్ వైపు చూసింది. ఎందుకు చూసిందంటే, చిన్నప్పుడు కూడా గోల్ కొట్టాక అటే చూసేది. పీరా సార్ చప్పట్లు కొట్టలేదు. చెయ్యూపి రమ్మన్నాడు. వచ్చాక కుర్చీ ఎత్తి, మైదానానికి వీపు పెట్టి, కాంపౌండు గోడకెదురుగా వేశాడు.

"కూచో."

"సార్, బంతి కనపడదు."

"తెలుసు. కూచో."

కూర్చుంది. ఆమె మెడలో వేలాడుతున్న విజిల్ తీసి ఆయనే ఆమె నోటికి అందించాడు.

"పండ్ల మధ్యన పెట్టుకో. ఊదొద్దు. నేను చెప్పేదాంక తియ్యొద్దు."

అది నోట్లో ఉంటే అరవడం కుదరదు. అంజినమ్మకి అప్పుడర్థమైంది. మొహం ఎర్రబడింది. తన పిల్లల ముందు, గోడకెదురుగా, తప్పు చేసిన ఒకటో తరగతి దానిలా! ఈయనకి వయసు మీదపడి మతి చలించిందా అని కూడా అనుకుంది. కానీ పీరా సార్ మాట కాదనడం ఆమె ఏనాడూ నేర్చుకోలేదు.

"మీ మేడం లేదనుకోండి," అన్నాడాయన పిల్లలతో. "ఆడుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నిశ్శబ్దం. బంతిని తన్నిన చప్పుడు ఒకటి వినపడింది, రెండు మూడు అడుగులు పరిగెత్తి ఆగిపోయాయి. మళ్లీ నిశ్శబ్దం. అంతమందీ తన వీపు వైపే చూస్తున్నారని అంజినమ్మకి తెలుస్తూనే ఉంది. బంతి ఎక్కడో గీత దాటి పోయింది. దాన్ని తెచ్చి మళ్లీ వేశారు. మళ్లీ బయటికే పోయింది.

ఆమె చూస్తున్నది గోడని. పెచ్చులూడిన సున్నం, ఎవరో బొగ్గుతో గీసిన వికెట్లు. వింటున్నది మాత్రం తన జట్టుని. ఇన్నేళ్లలో తన జట్టుని వినడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ మైదానం నిండా తన గొంతే ఉండేది.

అప్పుడొక సన్నటి గొంతు లేచింది. "అక్కా!"

అది కుళ్లాయమ్మ. మొదటి సంవత్సరం పిల్ల.

"అక్కా! అక్కా, ఇట్ల!"

"ఎవుర్నే? నన్నా?" అని ఒకరు, "నన్నా?" అని ఇంకొకరు. ఈలోగా బంతి పోయింది.

కాలేజీలో పై తరగతి పిల్లని పేరు పెట్టి పిలవకూడదు. అది మర్యాద కాదు. హాస్టల్లో, భోజనాల దగ్గర, బస్సులో అంతా అక్కలే. మైదానంలోనూ అంతే. ఒక్క అక్కా అనే కేకకి సగం జట్టు వెనక్కి తిరుగుతుంది. అందుకని కింది తరగతి పిల్లలు పిలవడమే మానేశారు. ఎలాగూ మేడం పిలుస్తుంది కదా! ఈ సంగతి అంజినమ్మకి తెలియదు. రోజూ రెండు పూటలా వాళ్లతోనే ఉండి తెలుసుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇప్పుడే లేచి చెప్పాలి, పేర్లు పెట్టి పిలవండే అని చెప్పాలి. విజిల్ పళ్ల కింద నలిగింది. పీరా సార్ చెయ్యి భుజం మీద పడింది, అంతే. గట్టిగా కూడా నొక్కలేదు.

ఆమె గోడనే చూస్తూ ఉండిపోయింది.

హైస్కూల్లో ఆడేటప్పుడు ఈ సార్ ఎందుకు అరవడో ఆమెకీ తోటి పిల్లలకీ తెలిసేది కాదు. పాపం గొంతు చిన్నది అనుకునేవాళ్లు.

వెనక ఆట తడబడుతూ నడిచింది. అక్కా, అక్కా అని రెండుసార్లు వినపడి ఆగిపోయింది. బంతి కోసం కాళ్లు పెనుగులాడుతున్న చప్పుడు. ఉన్నట్టుండి కుళ్లాయమ్మ గొంతు పగిలేటట్టు అరిచింది.

"సుకన్యా! ఎడమకి కొట్టు!"

సుకన్య ఆఖరి సంవత్సరం పిల్ల, జట్టు కెప్టెన్. ఒక్క క్షణం మైదానం ఊపిరి బిగబట్టింది. అంజినమ్మ కూడా బిగబట్టింది. తర్వాత బంతి ఎడమకి వెళ్లిన చప్పుడు స్పష్టంగా వినపడింది. వెంటనే సుకన్య గొంతు.

"పోవే కుళ్లాయీ, పో!"

ఇక ఆగలేదు. పేర్లు లేచాయి. చిన్నా పెద్దా లేదు, గౌతమీ అంటే గౌతమీయే, రజియా అంటే రజియానే. ఒకళ్ల పేరు ఇంకొకళ్లు లాక్కుంటున్నట్టు అరుచుకుంటున్నారు. తిట్టుకుంటున్నారు కూడా. బంతి వేగం పెరిగింది, అది కాలి నుంచి కాలికి మారే చప్పుడే చెబుతోంది. కళ్లు మూసుకున్నా అంజినమ్మకి ఎవరెక్కడున్నారో తెలుస్తోంది.

అన్ని పేర్లున్నాయి. ఆమె పేరు లేదు.

ఒకప్పుడు ఇలాంటి నేల మీద అందరూ అరిచిన పేరు ఆమెదే. అంజీ, అంజీ అని. ఆ పిలుపు కోసమే ఆమె ఇన్నాళ్లూ గీత మీద నిలబడి ఉందని, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు బంతిని తన కాళ్ల దగ్గరికి తోసి అంజీ అంటారని లోలోపల కాచుకుని ఉందని, ఈ గోడ ముందు కూర్చున్నాక తెలిసింది. ఎవరూ అనరు. శనివారం గెలిచినా అనరు, ఓడినా అనరు. డాక్టర్లని అడక్కుండా దాటేసిన మాటకి జవాబు ఇప్పుడొచ్చింది. ఏడుపు ముంచుకొచ్చింది. నోట్లో విజిల్ ఉండటంతో ఏడుపు కూడా సరిగ్గా రాలేదు, ముక్కుతో వచ్చింది. గోడ మీది బొగ్గు గీతలు అలుక్కుపోయాయి.

పీరా సార్ చూసీ చూడనట్టు మఫ్లర్ సర్దుకున్నాడు.

వెనక అడుగులు ఒక్కసారిగా ఒకే వైపుకి ఉరికాయి. ఎవరో ఎవరినో పిలిచారు, ఆ పేరు సరిగ్గా వినపడలేదు. బంతిని బలంగా తన్నిన చప్పుడు. అది వలకి తగిలిన చప్పుడు. ఆ వెంటనే పిల్లలు పెట్టిన కేకకి గోడ మీది పిచ్చుకలు లేచిపోయాయి.

అంజినమ్మ విజిల్ తీసేసింది. మెడ తిప్పబోయి ఆపుకుంది.

"ఎవురు కొట్టినారు సార్?"

పీరా సార్ మైదానం వైపే చూస్తున్నాడు.

"నువ్వు కాదమ్మా," అన్నాడు.

 అంజినమ్మ చున్నీతో మొహం తుడుచుకుంది. తర్వాత విజిల్ మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుని, గోడ వైపు చూస్తూ కూర్చుంది.